దత్తత గురించి పిల్లల్లేని దంపతులు అడిగే ప్రశ్నలు: గట్టిగా అడిగేవీ, గొంతు తగ్గించి అడిగేవీ

మాది విజయవాడ. పెళ్లయిన ఏడాది నుంచి "ఏమైనా విశేషమా?" అన్న ప్రశ్నకు తొమ్మిదేళ్లు తల దించుకున్నాం. మూడు ఐయూఐలు, రెండు ఐవీఎఫ్‌లు అనే ట్రీట్‌మెంట్లు, మోపిదేవిలో పుట్టలో పాలు, అరటిచెట్టుకు ప్రదక్షిణలు, చెప్పిన ప్రతి చెట్టుకూ ఉయ్యాల. ఆ తర్వాత దత్తత. పాప ఇంటికొచ్చి ఏడేళ్లయింది. అప్పటి నుంచి తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు ఫోన్ చేస్తుంటారు. మొదటి పది నిమిషాలు ఫారాల గురించి, ఫీజుల గురించి మాట్లాడతారు. అసలు విషయం పెట్టేసే ముందు "అక్కా, ఇంకొక్కటి అడగనా" అంటూ బయటికొస్తుంది. ఇక్కడ ఎక్కువగా రాసినవి ఆ ఇంకొక్కటిలే. నేను డాక్టర్నీ కాదు, లాయర్నీ కాదు. నాకు ఖాయంగా తెలిసినవే చెప్తున్నాను. ఫీజులూ ఫారాలూ మారుతుంటాయి కాబట్టి వాటిని ప్రభుత్వ దత్తత సంస్థ కారా వెబ్‌సైట్‌లోనే చూసుకోండి.

ట్రీట్‌మెంట్లన్నీ అయ్యాక చూద్దాం అనుకుంటున్నాం. దత్తతకు తొందరేముంది?

తొందర కూడికలో ఉంది. దేశంలో దత్తతలు చూసే సెంట్రల్ అడాప్షన్ రిసోర్స్ అథారిటీని అందరూ 'కారా' అంటారు. 2022 నిబంధనల ప్రకారం అది దంపతుల వయసులు రెండూ కలిపి చూస్తుంది. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే ఆ మొత్తం 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకైతే 90, నాలుగు నుంచి ఎనిమిదేళ్లకు 100, ఆ పైన 110. పెళ్లయి రెండేళ్లు నిండాలి. బిడ్డకూ మీలో ఎవరికైనా సరే కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి.

ఆయనకు 43, మీకు 41 అనుకోండి. మొత్తం 84. "ఇంకొక్క ఐవీఎఫ్ సైకిల్ చూద్దాం" అని ఏడాది ఆగితే అది 85 కాదు, 86. ఇద్దరికీ వయసు పెరుగుతుంది కదా! ఈ చిన్న లెక్క చాలామందికి ఆలస్యంగా తడుతుంది. మాకూ అలాగే తట్టింది, ఒక పెళ్లి భోజనాల బంతిలో కూర్చుని ఉండగా.

ఐవీఎఫ్ మానేయమని నేను చెప్పను. ఒక్కో సైకిల్‌కు లక్షన్నర, రెండు లక్షలు దాటే ఖర్చు, పొట్టంతా ఇంజెక్షన్ మచ్చలు, గర్భం నిలిచిందో లేదో చెప్పే బీటా రిపోర్ట్ వచ్చే రోజు టెన్షన్. ఇవన్నీ పడ్డవాళ్లకు ఇంకోసారి ప్రయత్నించాలని ఎందుకనిపిస్తుందో నాకు తెలుసు. నా పేచీ అంతా వరుసతోనే. మందులు, మొక్కులు, ఐవీఎఫ్, డోనర్, ఇవన్నీ అయ్యాక చివర్లో "పోనీ, ఎవర్నైనా తెచ్చుకుందాం" అంటారు. ఆ 'పోనీ' దగ్గరికి చేరేసరికి డబ్బు, ఓపిక, వయసు మూడూ అయిపోయి ఉంటాయి. పిల్లలు పుట్టరని రుజువు చూపించమని దత్తతకు ఎవరూ అడగరు. సొంత బిడ్డ ఉన్నవాళ్లు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు.

దత్తత మాట వింటేనే ఏడుపొస్తోంది. నేను స్వార్థపరురాలినా?

కాదు. బిడ్డ పుట్టదని తేలడం ఇంట్లో ఒకరు పోయినట్టే ఉంటుంది. కాకపోతే ఆ చావుకు పదకొండో రోజు ఉండదు, పలకరించడానికి ఎవరూ రారు. పైగా పక్కింటి సీమంతానికి పిలుస్తారు, గాజులు తొడిగే వరుస రాగానే "నువ్వు కూర్చోమ్మా" అంటారు. అన్నవాళ్లకు అది గుర్తు కూడా ఉండదు. మనకు పదేళ్లయినా ఆ కుర్చీ రంగు గుర్తుంటుంది.

ఆ ఏడుపు తీరకముందే బిడ్డను తెచ్చుకుంటే, ఇంట్లో ఆ బిడ్డకు ఒక పోటీ తయారవుతుంది: మీకు పుట్టని బిడ్డ. దానితో ఎవరూ గెలవలేరు. అది అల్లరి చేయదు, లెక్కల్లో తప్పదు, మీ ముక్కూ మీ ఆయన నుదురూ పుణికిపుచ్చుకుని ఉంటుంది. అందుకని కొన్ని నెలలు ఆగండి. కౌన్సెలింగ్‌కు వెళ్లండి, వెళ్లేవాళ్లు పిచ్చివాళ్లు కాదు. చివరికి "మాకు దత్తత వద్దు, మేమిద్దరమే చాలు" అని తేలితే అదీ మర్యాదైన జవాబే. జాలితోనో, ముసలితనంలో చూసుకోవడానికి ఒకరు ఉండాలనో తెచ్చుకోవడం కన్నా ఎంతో నయం.

నాకు ఇష్టమే, మా ఆయనే వద్దంటున్నారు. ఎలా ఒప్పించాలి?

ముందు ఆయన దేనికి వద్దంటున్నారో వినండి. నాకు ఫోన్ చేసే ఇళ్లలో తరచూ కనిపించే సంగతి ఒకటుంది. లోపం భర్త వైపు ఉంటుంది, ఆ రిపోర్ట్ బీరువాలో చీరల కింద ఉంటుంది. బయట మాత్రం గొడ్రాలనే మాట భార్యే పడుతుంది. దత్తత అంటే నలుగురూ "ఎవరిలో ప్రాబ్లం?" అని అడుగుతారు. ఆయన భయం బిడ్డ గురించి కాదు, ఆ ప్రశ్న గురించి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన అంచనా ప్రకారం, ప్రపంచంలో దాదాపు ఆరుగురు పెద్దవాళ్లలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమి ఎదురవుతుంది. కారణం మగవాళ్ల వైపు ఉండటం అరుదేమీ కాదు. అయినా మన మొక్కులన్నీ ఆడవాళ్ల నెత్తినే. 2024 ఏప్రిల్‌లో చిలుకూరు బాలాజీ గుడిలో పిల్లల్లేని ఆడవాళ్లకు గరుడ ప్రసాదం పెడతారని తెలిసి ఎంత జనం వచ్చారంటే, హైదరాబాదు నుంచి వెళ్లే రోడ్డంతా కార్లతో గంటల తరబడి కదల్లేదు. నేను ఆ భక్తిని వెక్కిరించడం లేదు, ఒకప్పుడైతే నేనూ ఆ కార్లలో ఒక దాంట్లో ఉండేదాన్నే. నా మాటల్లా ఒకటే, ప్రసాదం తినాల్సింది ఆవిడ ఒక్కతేనా అని.

చట్టం సంగతికొస్తే, ఇద్దరి సమ్మతీ లేకుండా దత్తత జరగదు. ఇంటికొచ్చి నివేదిక రాసే సామాజిక కార్యకర్త మాతో కలిపీ మాట్లాడింది, విడివిడిగానూ మాట్లాడింది. మా ఆయన్ను వంటింట్లో కూర్చోబెట్టి అరగంట అడిగింది. బలవంతంగా తలూపినవాళ్లు అక్కడే దొరికిపోతారు.

ఎవర్నైనా పెంచుకుంటే కడుపు పండుతుందంటారు. నిజమేనా?

కాదు. 1970ల్లోనే అమెరికాలో దీన్ని పరిశీలించారు. దత్తత తీసుకున్నవాళ్లలో తర్వాత గర్భం వచ్చినవాళ్ల వంతు, తీసుకోని వాళ్లకన్నా ఎక్కువేమీ లేదు. పెంచుకున్నాక పుట్టిన ఒక్క ఇంటి కథ ఊరంతా తిరుగుతుంది. పెంచుకున్నాక పుట్టని పాతిక ఇళ్ల కథ ఎవరు చెప్పుకుంటారు? ఈ నమ్మకంతో తెచ్చుకున్న బిడ్డ ఆ ఇంట్లో బిడ్డ కాదు, ఇంకో మొక్కు.

ఎవరి రక్తమో, ఏ బుద్ధులొస్తాయో అని పెద్దవాళ్లు భయపెడుతున్నారు. ఏం చెప్పాలి?

పెద్దవాళ్లు అంటున్నారని మీరు అంటున్నారు. చాలాసార్లు అది మన భయమే, వాళ్ల నోట్లో పెడతాం.

ఎత్తు, రంగు, కొన్ని జబ్బులకు మొగ్గు, కొంత స్వభావం పుట్టుకతో వస్తాయి. కాదని ఎవరూ అనరు. కానీ సొంత రక్తమైతే బుద్ధులకు గ్యారంటీ ఉందా? మీ బంధువుల్లోనే ఒకసారి లెక్క వేసుకోండి. నేను వేసుకున్నాను, నవ్వొచ్చింది.

మనం విచిత్రమైన మనుషులం. తిరుచానూరు వెళ్లి దండం పెట్టే పద్మావతి అమ్మవారు, పిల్లల్లేని ఆకాశరాజుకు పొలం దున్నిస్తుంటే తామరపువ్వులో దొరికిన బిడ్డ. శ్రీనివాసుడికి తల్లిగా నిలబడి ఆ పెళ్లి జరిపించింది కనని తల్లి వకుళమాత. అంటే ఆ కల్యాణానికి అటూ ఇటూ పెంచుకున్నవాళ్లే. ఆ కథ భక్తిగా విని ఇంటికొచ్చి, ఎవరి రక్తమో అంటాం. కర్ణుణ్ణి నిండు సభలో కులమేమిటని అడిగినవాళ్ల పక్కన నిలబడతాం, అతన్ని పెంచిన రాధ పక్కన కాదు.

రక్తం మీద ఈ పట్టు ఎంత దూరం పోతుందంటే, దత్తత వద్దనే దంపతులే డోనర్ ఎగ్‌కు, అంటే వేరొకరి అండానికి, ఒప్పుకుంటారు. "సగమైనా మనదే కదా" అంటారు. అది వాళ్లిష్టం, తప్పు పట్టను. ఆ పైన ఇంకో మాట కలుపుతారు చూడండి, "పైగా ఎవరికీ తెలియదు" అని. రక్తం కన్నా బరువైన కారణం నాకు అందులోనే కనిపిస్తుంది.

మా కులం బిడ్డ, మా రంగు బిడ్డ అని అడగొచ్చా?

లేదు. వయసు, ఆడ మగ, ఆరోగ్య స్థితి, ఏ రాష్ట్రం అన్నవి చెప్పుకోవచ్చు. కులం, మతం, రంగు ఆ ఫారంలో లేవు. వరసగా ఉయ్యాలల ముందు నడిచి "ఈ పిల్ల బాగుంది" అని ఏరుకునే రోజులు పోయాయి. అది మంచికే జరిగింది. ఇప్పుడు వరుస ప్రకారం ఒక బిడ్డ వివరాలు ఆన్‌లైన్‌లో మీకు వస్తాయి.

ముస్లింలు, క్రైస్తవులు కూడా, కారా దత్తతలకు ఆధారమైన జువెనైల్ జస్టిస్ చట్టం కింద దత్తత తీసుకోవచ్చు. 2014లో సుప్రీంకోర్టు ఇది స్పష్టంగా చెప్పింది. అయితే అది అవకాశం మాత్రమే, మత ఆచారం ఒప్పుకోని వాళ్లను ఎవరూ బలవంతం చేయరు.

అప్పుడే పుట్టిన పసిగుడ్డు దొరుకుతుందా?

దాదాపుగా దొరకదు. వదిలేసిన బిడ్డ దొరికితే బాలల సంక్షేమ కమిటీ ముందు కన్నవాళ్ల కోసం వెతికిస్తుంది. బిడ్డకు రెండేళ్లలోపైతే రెండు నెలలు, ఆ పైనైతే నాలుగు నెలలు గడువు. కన్నతల్లే వచ్చి అప్పగిస్తే, మనసు మార్చుకోవడానికి ఆమెకు 60 రోజులు ఉంటాయి. అవన్నీ అయ్యాకే 'చట్టపరంగా స్వేచ్ఛ ఉన్న బిడ్డ' అని ప్రకటిస్తారు. ఆ 60 రోజుల మీద విసుక్కునేవాళ్లను చూశాను. నా కూతుర్ని కన్నావిడ ఎవరో నాకు తెలియదు కానీ, ఆవిడకు ఆ గడువు ఇచ్చారన్న మాట నాకు నిద్ర పట్టేలా చేస్తుంది.

పసిగుడ్డే ఎందుకని అడిగితే అందరూ "అలవాటవుతుంది కదా" అంటారు. కాస్త నొక్కి అడిగితే వేరే మాట వస్తుంది: "పుట్టినప్పటి నుంచీ ఉంటే ఎవరికీ తెలియదు, బిడ్డకు కూడా." దత్తత మీద మన మనసుల్లో ఉన్నవన్నీ విప్పుకుంటూ పోతే నాకు అడుగున తగిలేది ఇదే, దాచాలనే కోరిక. రంగు కలవాలి, కులం కలవాలి, రోజుల బిడ్డ కావాలి, దూరపు ఊరి నుంచి రావాలి. ఇవన్నీ దాచడానికి పనికొచ్చే సామాన్లు. అందుకే క్యూ అంతా రెండేళ్లలోపు పిల్లల దగ్గర ఆగిపోయింది. ఐదేళ్లవాళ్లు, ఎనిమిదేళ్లవాళ్లు, అన్నాచెల్లెళ్ల జంటలు, ఆరోగ్య సమస్యలున్నవాళ్లు అక్కడే పెరిగి పెద్దవుతున్నారు. ఎనిమిదేళ్ల పిల్లాణ్ణి తెచ్చుకుంటే దాచడం కుదరదు మరి.

ఎంత కాలం పడుతుంది?

ఆరోగ్యంగా ఉన్న రెండేళ్లలోపు బిడ్డకైతే మూడేళ్లు దాటుతోంది. ఈ మధ్య సంవత్సరాల్లో 30 వేలకు పైగా దరఖాస్తులు ఎదురుచూస్తుంటే, దత్తతకు సిద్ధంగా ఉన్న పిల్లలు రెండు వేల చిల్లర. వాళ్లలోనూ ఎక్కువమంది ప్రత్యేక అవసరాలున్న పిల్లలు. 2024-25లో కారా ద్వారా దేశం లోపల, బయట కలిపి 4,515 దత్తతలు జరిగాయి. పన్నెండేళ్లలో అదే పెద్ద అంకె. ఇంత పెద్ద దేశానికి!

నడిచే తీరు ఇలా ఉంటుంది. కారా పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుని పాన్, పెళ్లి సర్టిఫికెట్, ఆదాయం, ఆరోగ్య పత్రాలు పెట్టాలి. సామాజిక కార్యకర్త ఇంటికొచ్చి నివేదిక రాస్తారు, అది మూడేళ్లు చెల్లుతుంది. తర్వాత ఎదురుచూపు. మీ వరుస వచ్చినప్పుడు ఫోటో, మెడికల్ రిపోర్ట్ వస్తాయి, 48 గంటల్లో రిజర్వ్ చేసుకోవాలి. ఆ రిపోర్ట్ మీకు తెలిసిన పిల్లల డాక్టర్‌కు చూపించండి, అందులో మొహమాటం అక్కర్లేదు. ఆ తర్వాత బిడ్డ ఉన్న చోటికి వెళ్తారు. హైదరాబాదులో శిశువిహార్, మన జిల్లాల్లో శిశుగృహలు, లేకపోతే ఇంకో రాష్ట్రంలో ఏ కేంద్రమో. ముందు పెంపకానికి ఇస్తారు, తర్వాత దత్తత ఉత్తర్వు. 2022 సెప్టెంబరు నుంచి ఆ ఉత్తర్వు కోర్టు కాదు, జిల్లా కలెక్టరే ఇస్తున్నారు. ఆ తర్వాత రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి వచ్చి చూసిపోతారు.

మేము ఎదురుచూసిన కాలంలో ఒక ఆఫీసులో మా కాగితం నాలుగు నెలలు కదల్లేదు. అడిగిన ప్రతిసారీ "సార్ క్యాంపులో ఉన్నారు" అనేవారు. అందుకే చెప్తున్నాను, నెలకోసారి పోర్టల్‌లో మీ స్థితి చూసుకుంటూ ఉండండి.

తెలిసిన నర్సు ఉంది. డబ్బిస్తే నెలలో బిడ్డను ఇప్పిస్తానంటోంది. తప్పా?

తప్పు కాదు, నేరం. బిడ్డను కొన్నా అమ్మినా జువెనైల్ జస్టిస్ చట్టం 81వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల జరిమానా. ఆసుపత్రి సిబ్బందే చేస్తే మూడు నుంచి ఏడేళ్లు.

2024 మేలో హైదరాబాదు శివారు మేడిపల్లిలో పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. ఢిల్లీ, పుణె నుంచి పసిపిల్లల్ని తెచ్చి ఇక్కడి పిల్లల్లేని దంపతులకు లక్షా 80 వేల నుంచి ఐదున్నర లక్షల దాకా అమ్మారని చెప్పారు. పదిమందికి పైగా పిల్లల్ని ఆ ఇళ్ల నుంచి తీసుకెళ్లి శిశువిహార్‌లో పెట్టారు. అప్పటికే ఆ పిల్లలు "అమ్మా" అంటున్నారు. ఆ తల్లులు గేటు దగ్గర ఏడవడం టీవీలో చూసి నేను రిమోట్ కింద పడేశాను. వాళ్లు చెడ్డవాళ్లని నేననను. కానీ ఆ పిల్లల్ని కన్నవాళ్లు ఎక్కడో ఉన్నారు కదా, వాళ్ల ఏడుపు టీవీలో రాలేదు.

2025 జులైలో సికింద్రాబాద్‌లో ఇంకో కేసు బయటపడింది. సరోగసీ ద్వారా మీ బిడ్డే అని చెప్పి లక్షలు తీసుకుని అప్పగించిన బిడ్డకు డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే కలవలేదు. పేద దంపతుల దగ్గర కొన్న బిడ్డ అని పోలీసులు చెప్పారు. ఇంకా వెనక్కి వెళ్తే, 1999లోనూ 2001లోనూ హైదరాబాదులో కొన్ని దత్తత కేంద్రాల బాగోతం బయటికొచ్చింది. నల్గొండ జిల్లా లంబాడా తండాల నుంచి ఆడశిశువుల్ని కొద్ది డబ్బుకు తెచ్చి విదేశాలకు పంపేవారు.

ఇలాంటి బిడ్డకు మీ పేరుతో దొంగ బర్త్ సర్టిఫికెట్ పుట్టిస్తారు. జనం డబ్బు పోసేది నిజానికి దానికే. ఏ ఆనవాలూ లేకుండా 'మాకే పుట్టింది' అనిపించే ఆ కాగితానికి.

మా మరిది పిల్లాణ్ణి దత్తత తీసుకుంటే సరిపోదా? ఇంట్లో వాడే కదా?

మన దగ్గర పాత పద్ధతి అదే. హిందూ దత్తత, మనోవర్తి చట్టం 1956 ప్రకారం చేసుకోవచ్చు. బిడ్డకు 15 ఏళ్లు నిండకూడదు, పెళ్లి కాకూడదు (ఆచారం ఒప్పుకునే చోట మినహాయింపు ఉంది). మీకు కొడుకు ఉంటే కొడుకును, కూతురు ఉంటే కూతుర్ని దత్తత చేసుకోలేరు. మీరు ఆడబిడ్డను పెంచుకునే మగవారైనా, మగబిడ్డను పెంచుకునే ఆడవారైనా 21 ఏళ్ల తేడా ఉండాలి. దత్త హోమం తప్పనిసరి కాదు, ఇవ్వడం పుచ్చుకోవడం నిజంగా జరగాలి. దస్తావేజు రిజిస్టర్ చేయించండి. రేపు ఎవరైనా కాదంటే రుజువు చేయాల్సిన బరువు వాళ్ల మీద పడుతుంది. దీనిలోనూ డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం నేరమే.

చట్టం సులువే, ఇల్లే కష్టం. కన్నతల్లి అదే వరండాలో ఉంటుంది. మీరు కోప్పడితే ఆమె ముఖం మాడుతుంది, ఆమె ముద్ద పెడితే మీ గుండె జారుతుంది. పొలం పంపకాల రోజు "మా వాణ్ణిచ్చాం కదా" అన్న మాట ఎవరో ఒకరు అంటారు. తోడికోడళ్లిద్దరూ కాగితం మీద సంతకం పెట్టే ముందు, ఎవరూ వినని చోట ఒక పూట కూర్చుని మాట్లాడుకోవాలి. బావగార్లూ మరుదులూ మాట్లాడుకుంటే చాలదు.

మేం అమెరికాలో ఉంటాం. చెల్లెలి బిడ్డను దత్తత చేసుకుని తీసుకెళ్లొచ్చా?

దత్తపత్రం ఒక్కటే పట్టుకుని వీసాకు వెళ్తే పని కాదు. భారత్, అమెరికా రెండూ దేశాల మధ్య దత్తతలకు సంబంధించిన హేగ్ ఒప్పందంలో ఉన్నాయి, మన దేశం 2003లో చేరింది. కారా నిరభ్యంతర పత్రం కావాలి, మీరుండే దేశంలోని గుర్తింపు ఉన్న ఏజెన్సీ మీ ఇంటి నివేదిక రాయాలి. బిడ్డను తీసుకుంటామని చెల్లెలికి మాటిచ్చే ముందే ఇది కనుక్కోండి. ముందు దత్తత చేసేసుకుని తర్వాత చిక్కుకుపోయిన కుటుంబాలు ఉన్నాయి. మధ్యలో నలిగేది బిడ్డ. సంబంధం లేని బిడ్డను కారా ద్వారా తీసుకోవాలంటే ప్రవాస భారతీయులకు ఇక్కడివాళ్లతో సమానంగానే వరుస ఉంటుంది.

అబ్బాయి అయితే తలకొరివి పెడతాడు కదా?

పెట్టొచ్చు, పెట్టకపోవచ్చు. కన్న కొడుకులు వీడియో కాల్‌లో అంత్యక్రియలు చూస్తున్న కాలం ఇది.

కారా లెక్కల్లో ఏటా అబ్బాయిల కన్నా అమ్మాయిలే ఎక్కువగా దత్తత వెళ్తున్నారు. మనం మారిపోయామని సంబరపడాలని ఉంది, సగమే పడతాను. ఆడపిల్లల్నే ఎక్కువగా వదిలేస్తారన్నది ఒక కారణం. ఇంకో కారణం కొన్ని ఇళ్లలో నేను చెవులారా విన్నాను: "ఆడపిల్లయితే పెళ్లి చేసి పంపేస్తాం, ఆస్తి గొడవ ఉండదు." ఇలాంటివాళ్లకు నేను తర్వాత ఫోన్ ఎత్తను.

ఆస్తి గురించి ఖాయంగా తెలుసుకోండి. దత్తత అయ్యాక ఆడైనా మగైనా మీకు పుట్టిన బిడ్డతో సమానమైన హక్కు. మీ తర్వాత మీ తమ్ముడి పిల్లలొచ్చి "పెంపుడుదే కదా" అంటే చట్టం దగ్గర అది నిలవదు. సక్రమంగా జరిగిన దత్తతను, హిందూ చట్టం కింద, తర్వాత రద్దు చేసుకోవడం కూడా కుదరదు. 1956కు ముందు హిందూ చట్టంలో మామూలుగా ఆడపిల్లను దత్తత చేసుకునే వీలే లేదు. ఆ లెక్కన నా కూతురి హక్కు వయసులో మా అమ్మ కన్నా కాస్తే చిన్నది.

మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. ఆగాలా?

సంతకం ఆవిడది అక్కర్లేదు. ఒకే ఇంట్లో ఉంటున్నారా, వేరుగానా అన్నది చూసుకోండి. ఒకే ఇల్లయితే ఆవిడ మనసు బిడ్డకు రోజూ తగులుతుంది, కాబట్టి కొంత కాలం పెట్టి మాట్లాడండి. మా అత్తగారు బారసాలకు రాలేదు. రెండు నెలల తర్వాత "నలుగు పెట్టడం వచ్చా నీకు?" అంటూ శనగపిండి డబ్బాతో దిగారు. అందరి అత్తగార్లూ దిగుతారని నేను హామీ ఇవ్వను. మా పెద్దాడపడుచు ఇప్పటికీ పాపకు పండక్కి బట్టలు పెట్టదు, తన మనవలకు మాత్రం మా ఎదురుగానే పెడుతుంది. మేము ఆ ఇంటికి పండక్కి వెళ్లడం మానేశాం.

ఊళ్లో చెప్పకుండా, ట్రాన్స్‌ఫర్ చేయించుకుని బిడ్డతో వేరే ఊరు వెళ్లిపోతే?

చాలామంది వెళ్తారు. పొట్టకు గుడ్డ కట్టుకుని ఏడు నెలలు పుట్టింట్లో ఉండి వచ్చినవాళ్లను కూడా విన్నాను. అంత నాటకం ఆడాల్సి వచ్చిందంటే మన మాటలు వాళ్లనెంత పొడిచాయో! కానీ ఆ నాటకానికి తెర పడదు. డాక్టర్ కుటుంబంలో షుగర్ ఉందా అని అడుగుతాడు. పెళ్లిలో ఒక ముసలావిడ "ఎవరి పోలికమ్మా?" అంటుంది. ప్రతిసారీ మీరిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. పిల్లలు అన్నీ చూస్తారు.

తర్వాత మాకు పుడితే?

పుడితే ఇద్దరవుతారు. పెద్దది పెద్దదే.

తెచ్చుకున్నాక నాకు ప్రేమ రాకపోతే?

మొదటి రాత్రి పాప తెల్లవార్లూ ఏడ్చింది. నా వాసన దానికి కొత్త, దాని ఏడుపు నాకు కొత్త. మూడో వారంలో బాత్‌రూంలో కూర్చుని "ఏం పని చేశాం మేము" అనుకున్నాను. కన్న తల్లులకు పురిటి తర్వాత వచ్చే దిగులు గురించి ఈ మధ్య మాట్లాడుతున్నారు, మాకూ వస్తుంది. ఇన్నేళ్లు కోరుకుని తెచ్చుకున్నాక దిగులుగా ఉందని ఎవరికీ చెప్పుకోం. చెప్పుకోండి, కనీసం డాక్టర్‌కు. ఏ రోజు నుంచి అది నా కూతురైందో నాకు తెలియదు. మొదటిసారి జ్వరం వచ్చినప్పుడా, స్కూల్లో ఎవరో కొట్టారని నేను గొడవకు వెళ్లినప్పుడా, ఏమో.

బిడ్డకు చెప్పాలా? ఎప్పుడు?

చెప్పాలి. 'ఫలానా వయసులో కూర్చోబెట్టి చెప్పడం' అని ఒక రోజు పెట్టుకోకండి. మాటలు రాకముందు నుంచే జోలపాటలోనో కథలోనో కలిపేస్తే, అది తెలిసిన రోజంటూ గుర్తుండదు. పదహారేళ్లప్పుడు పక్కింటివాళ్ల నోట విన్న పిల్లల్ని నేను చూశాను. పెంచుకున్నారని తెలిసినందుకు వాళ్లకు కోపం లేదు, ఇంట్లో తమకు తప్ప అందరికీ తెలుసన్నందుకు కోపం. 18 నిండాక కావాలంటే వాళ్ల మూలాల గురించి సంస్థను అడిగే వీలు నిబంధనల్లోనే ఉంది. అంతకన్నా ముందైతే మనతో కలిసి అడగాలి.

మా ఇంట్లో బీరువాలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. అందులో దత్తత ఉత్తర్వు, శిశుగృహలో ఇచ్చిన టీకాల కార్డు, వచ్చిన రోజు వేసుకున్న పసుపు గౌను. నెలకో రెండు నెలలకో పాప అడిగి తీయించుకుంటుంది. గౌను తన బొమ్మకు తొడుగుతుంది. మొన్న అడిగింది, "నన్ను కన్న అమ్మ కూడా ఎడంచేత్తోనే రాస్తుందా?" అని. తెలియదన్నాను. "అయితే నువ్వు కూడా ఎడంచేత్తో రాయి ఒకసారి" అంది. రాశాను, అక్షరాలన్నీ వంకర పోయాయి. దిద్దమని నా చెయ్యి పట్టుకుంది.